ఓవర్‌క్లాకింగ్ చిట్కా రాసేటప్పుడు మన ఎండ లెక్క కూడ రాయుండ్రి

ఎడిటర్ గారికి నమస్తే.

మొన్న మీ పేపర్ల కంప్యూటర్ చిట్కాల కాడ, పైసా ఖర్చు లేకుండ ప్రాసెసర్ స్పీడ్ పెంచుకోవచ్చని చిన్న డబ్బా కట్టి రాసిండ్రు. బయోస్‌లకు (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల మెనూ) పోయి మల్టిప్లయర్ పెంచాలె, సిస్టమ్ ఆగిపోతే వోల్టేజ్ పెంచాలె, మళ్ల ఆన్ చెయ్యాలె, అంతే రాసిండ్రు. అది అబద్ధమని నేను అంటలేను, ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన స్పీడ్ కన్న ఎక్కువ మీద నడిపే ఓవర్‌క్లాకింగ్ అట్లనే చేస్తరు. కానీ ఎక్కడ ఆగాలో రాయలేదు, ఏ ప్రాసెసర్‌కు రాయలేదు, అన్నిటికన్న ముఖ్యం, రూమ్ల ఎంత వేడి ఉన్నప్పుడు అని రాయలేదు. నల్లగొండల కంప్యూటర్ల సర్వీసింగ్ పని చేసుకుంట బతికేటోన్ని కాబట్టి ఈ మాట గట్టిగ చెప్పాలనిపించి రాస్తున్న, జర పెద్దగయినా వేయుండ్రి.

మన దిక్కు ఈ చిట్కా మీద ఎవరికి ఆశ ఎక్కువంటే గేములు ఆడే పోరగాళ్ల కన్న పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోలోళ్లకు. నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, అటు పాలమూరు, జడ్చర్ల, వనపర్తి, ఎక్కడ చూసినా ఫోటో స్టూడియో ఎనక రూమ్ల ఒక కంప్యూటర్ ఉంటది, ఎడియస్ల గాని ప్రీమియర్ల గాని రాత్రింబగళ్లు మిక్సింగ్ నడుస్తది. లగ్గాలు ఎప్పుడు ఎక్కువుంటయి, ఏప్రిల్, మే నెలలల. ఎండ ఎప్పుడు ఎక్కువ, అదే ఏప్రిల్, మే. అంటే కంప్యూటర్ మీద పని ఎక్కువ పడేది, రూమ్ ఎక్కువ కాగేది, కరెంటు ఎక్కువ సతాయించేది మూడూ ఒకటే టైంల వస్తయి. గేము ఆడితే ప్రాసెసర్ కాసేపు ఎక్కుతది కాసేపు దిగుతది, రెండరింగ్ (ఎడిట్ చేసిన వీడియోను ఫైలుగ తీసుడు) అట్ల కాదు, ప్రాసెసర్ లోపలి అన్ని కోర్లు గంటల తరబడి ఫుల్లుగ గుంజుతయి. చలి దేశంల ఎవలో గేము కోసం పెట్టుకున్న సెట్టింగు వీడియోల చూసి మనోళ్లు అంకెకు అంకె దించుకుంటున్నరు, అది ఇక్కడ నిలవదు.

ఎందుకు నిలవదో లెక్కతోటే చెప్త. ప్రాసెసర్ స్పీడ్ అంటే బేస్ క్లాక్‌ను మల్టిప్లయర్‌తోటి గుణిస్తే వచ్చేది, బేస్ క్లాక్ మామూలుగ 100 మెగాహెర్ట్జ్, మల్టిప్లయర్ 42 అయితే 4.2 గిగాహెర్ట్జ్, 45 చేస్తే 4.5. అది తినే కరెంటు మాత్రం స్పీడ్ పెరిగినంతనే పెరగదు, స్పీడ్ ఎంత పెరిగితే అంత పెరిగి, దాని మీద వోల్టేజ్ వర్గం లెక్కన ఇంకింత పెరుగుతది. 1.20 వోల్టుల మీద 4.2 నడిచే ప్రాసెసర్‌ను 4.5కు తెచ్చి దానికోసం 1.35 వోల్టులు ఇచ్చిండ్రనుకోండి, స్పీడ్ పెరిగింది 7 శాతం, కరెంటు పెరిగింది సుమారు 35 శాతం. ముందు 100 వాట్లు తింటే ఇప్పుడు 135 వాట్లు. ఆ ఎక్కువైన 35 వాట్లు మొత్తం వేడే.

ఇగ కూలర్. ఎంత పెద్ద కూలర్ పెట్టినా, నీళ్ల కూలర్ పెట్టినా, అది రూమ్ల గాలి కన్న చల్లగ చెయ్యలేదు, వేడిని గాలికి ఇస్తది అంతే. 100 వాట్ల కాడ గాలి కన్న 40 డిగ్రీలు పైకి ఎక్కే కూలర్ 135 వాట్ల కాడ 54 డిగ్రీలు ఎక్కుతది. ఏసీ రూమ్ 24 డిగ్రీలుంటే ప్రాసెసర్ 78 డిగ్రీల కాడ ఉంటది, ఏం భయం లేదు. అదే సెట్టింగు, అదే కూలర్, మే నెలల మధ్యాహ్నం రేకుల రూమ్ల 40 డిగ్రీలుంటే 94 అయితది. క్యాబినెట్ లోపలి గాలి రూమ్ గాలి కన్న ఇంకా వేడుంటది, గ్రాఫిక్స్ కార్డు కూడ నడుస్తుంటే చెప్పాల్సిన పనే లేదు. ఇంటెల్ 12, 13, 14 జనరేషన్లల పేరుల కే అక్షరం ఉన్న ప్రాసెసర్ల లిమిట్ 100 డిగ్రీలు, ఏఎమ్‌డీ రైజెన్ 5600ఎక్స్‌కు 95, 5800ఎక్స్‌కు 90. లిమిట్ తగలంగనే ప్రాసెసర్ తనంత తనే స్పీడ్ తగ్గించుకుంటది. అంటే జనవరిల 4.5 మీద నడిచిన సిస్టమ్ మేల రెండర్ పెడితే ఓవర్‌క్లాక్ చెయ్యకముందు కన్న నిదానంగ నడవొచ్చు, కరెంటు బిల్లు మాత్రం ఎక్కువొస్తది. నా కాడికి ఎండాకాలం వచ్చే స్లో అయిందన్న కంప్యూటర్లల ఇసొంటివి ఉంటయి, సెట్టింగులు తీసేస్తే మంచిగయితయి.

అందుకే నేను చెప్పేది ఒక్కటే, ఓవర్‌క్లాక్ చెయ్యాలనుకునేటోళ్లు టెస్టు చలికాలం పొద్దున పూట చెయ్యొద్దు, ఎండాకాలం మధ్యాహ్నం రెండు మూడు గంటలకు, రోజూ ఏ రూమ్ల పని చేస్తరో అదే రూమ్ల, క్యాబినెట్ డోరు మూసి చెయ్యాలె. అప్పుడు నిలిచిన స్పీడే మీ స్పీడ్. చలికాలంల చేసేటోళ్లు ఇప్పటి రూమ్ టెంపరేచర్‌కూ మే నెల టెంపరేచర్‌కూ ఎంత తేడా ఉంటదో అంత కలుపుకోని చూడాలె, తేడా 15 డిగ్రీలయితే, ఇప్పుడు 80 చూపిస్తే మేల 95 అనుకోవాలె.

అసలు ఏ ప్రాసెసర్‌కు అయితది ఏదానికి కాదు అనేది కూడ ఆ డబ్బాల లేదు. మన దిక్కు షాపులల ఎక్కువ పోయేది హెచ్610 బోర్డు, దాని మీద ఇంటెల్ ఐ5 12400 లాంటి ప్రాసెసర్, దాంట్ల మల్టిప్లయర్ పెంచే ఆప్షనే ఉండదు. ఇంటెల్ల పేరు చివరి అక్షరాలల కే ఉండాలె, బోర్డు జెడ్ సిరీస్ కావాలె. ఏఎమ్‌డీల రైజెన్లు చాలావరకు ఓపెనే గాని బోర్డు బీ450, బీ550, ఎక్స్570 లాంటివి కావాలె, ఏ320, ఏ520 మీద కాదు. 5800ఎక్స్3డీకి మల్టిప్లయర్, వోల్టేజ్ లాక్ చేసి ఉంటది. ల్యాప్‌టాప్ల మాటే వద్దు. లాక్ ఉన్న ప్రాసెసర్‌కు స్పీడ్ పెంచుతమని ఎవలో చేసిన సాఫ్ట్‌వేర్లు దొరుకుతయి, అవి వైరస్ తెచ్చుడు తప్ప ఇంకేం చెయ్యయి, ముట్టుకోవద్దు.

ఇప్పుడు వోల్టేజ్ సంగతి, ఎక్కువ ప్రాసెసర్లు ఖరాబయ్యేది దీనితోనే. వేడికి ప్రాసెసర్ తనను తను కాపాడుకుంటది, వోల్టేజ్‌కు అట్ల కాపాడుకోలేదు. ఎక్కువ వోల్టేజ్ల, ఎక్కువ వేడిల లోపలి సన్నని తీగలల లోహం మెల్లమెల్లగ జరిగిపోతది, ఆ జరిగింది మళ్ల ఎనకకు రాదు. ఒక్కరోజుల కాలిపోదు కాబట్టే మోసం అయితది, మొదటి ఏడాది మంచిగ నడుస్తది, తర్వాత అదే స్పీడ్ కోసం ఇంకింత వోల్టేజ్ అడుగుతది, ఇస్తరు, ఇంకా అడుగుతది. బోర్డుల వోల్టేజ్ ఆటోల పెట్టి మల్టిప్లయర్ పెంచితే చాలా బోర్డులు అవసరానికి మించి ఇస్తయి, అందుకే ముందు వోల్టేజ్ చేత్తోటి ఒక అంకె కాడ పెట్టి, ఆ అంకెల ఎంత స్పీడ్ వస్తే అంతే తీసుకోవాలె. స్పీడ్ ముందు అనుకోని దానికోసం వోల్టేజ్ పెంచుకుంట పోవుడు ఉల్టా పద్ధతి, మీ డబ్బాల ఉన్నది ఆ ఉల్టా పద్ధతే సార్, నాకు బాధయింది అక్కడనే.

ఎంత కాడ పెట్టాలె అంటే, ఇంటెల్ 6 నుంచి 10 జనరేషన్ దాక గాలి కూలర్ మీద 1.35 దాటొద్దని చేసినోళ్లు చెప్తరు, మన ఎండకు నేనైతే 1.30 కాడనే ఆగమంట. రైజెన్ 3000, 5000లల అన్ని కోర్లకు కలిపి స్థిరంగ పెట్టేటట్టయితే 1.25 కాడ ఆగుడు మంచిది. రైజెన్ విషయంల ఒక భ్రమ ఉంది, టెంపరేచర్, వోల్టేజ్ చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో సాఫ్ట్‌వేర్ తెరిచి చూస్తే ఖాళీగ ఉన్నప్పుడు కూడ 1.4, 1.45 చూపిస్తది, అది చూసి కంపెనీయే 1.45 ఇస్తుంది కదా మనం 1.4 పెడితే ఏమయితది అనుకుంటరు. కంపెనీ ఇచ్చేది ఒకటి రెండు కోర్లు లేచినప్పుడు, కరెంటు తక్కువ గుంజేటప్పుడు. అన్ని కోర్లు ఫుల్లుగ గుంజేటప్పుడు అదే తనంత తనే బాగ కిందికి దిగుతది. మనం ఫిక్స్ చేస్తే దిగనియ్యం, తేడా అక్కడున్నది. లోడ్‌లైన్ క్యాలిబ్రేషన్ అని ఒకటుంటది బయోస్‌ల, లోడ్ పడ్డప్పుడు వోల్టేజ్ దిగకుండ పట్టేది, దాన్ని అన్నిటికన్న పై లెవెల్ల పెట్టొద్దు, లోడ్ తీసిన క్షణంల వోల్టేజ్ ఎగిరి తగులుతది, మధ్యల ఉంచితే చాలు.

పద్ధతి చెప్పాల్నంటే ముందు ఏం పెంచకుండనే, ప్రాసెసర్‌ను ఫుల్లుగ నడిపించే సినీబెంచ్ సాఫ్ట్‌వేర్ ఒక అరగంట తిప్పి టెంపరేచర్ రాసుకోవాలె. అక్కడనే 90 చూపిస్తే ఓవర్‌క్లాకింగ్ మరిచిపోయి క్యాబినెట్ ఊడగొట్టి దుమ్ము దులపాలె, ప్రాసెసర్‌కూ కూలర్‌కూ నడుమ పూసే పేస్టు మార్చాలె. మిర్యాలగూడ రైస్ మిల్లుల దిక్కు కంప్యూటర్లు విప్పితే కూలర్ రెక్కల మధ్య ఊక దుమ్ము చాప లెక్క అల్లుకోని ఉంటది, ఇంటెల్ డబ్బాల వచ్చిన కూలర్లకు నాలుగు పిన్నుల ఒకటి లేచి ఉంటది, అవి సరిచేస్తేనే చాలామందికి కావాల్సిన స్పీడ్ వస్తది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ తిరగకుండ వేలుతోటి పట్టుకోవాలె. అంతా మంచిగుంటే అప్పుడు మల్టిప్లయర్ ఒక్కటే ఒక్కటి పెంచాలె, టెస్టు, మళ్ల ఒకటి, మళ్ల టెస్టు, ఒకేసారి 42 నుంచి 47కు ఎగరొద్దు. ఆగిపోతే ఒక మెట్టు దిగాలె, మనం పెట్టుకున్న వోల్టేజ్ హద్దుకు ఇంకా దూరమున్నప్పుడే 0.01, 0.02 చొప్పున పెంచి చూడాలె. ఇవన్నీ చేసేటప్పుడు ర్యామ్‌ది ఎక్స్‌ఎమ్‌పీ (ర్యామ్‌ను దాని మీద రాసిన స్పీడ్‌కు తెచ్చే సెట్టింగు) తీసేసి ఉంచాలె, లేకపోతే తప్పు ర్యామ్‌దా ప్రాసెసర్‌దా తెల్వదు. బూట్ కాకపోతే భయపడొద్దు, బోర్డు మీద క్లియర్ సీమాస్ జంపర్ ఉంటది, లేదంటే ప్లగ్గు పీకి ఆ రూపాయి బిళ్లంత బ్యాటరీ తీసి కాసేపాగి పెడితే సెట్టింగులు మొదటికొస్తయి.

ఆఖరికి కంప్యూటర్‌ను ఫుల్ లోడ్ మీద పెట్టి పరీక్షించే సాఫ్ట్‌వేర్లు, ఓసీసీటీ గాని ప్రైమ్95 గాని గంటల పాటు నడపాలె. ప్రైమ్95ల చిన్న ఎఫ్ఎఫ్‌టీ టెస్టు మామూలు పని కన్న ఎక్కువ వేడి చేస్తది, దాని ముంగట కూసోని టెంపరేచర్ చూసుకుంట చెయ్యాలె, పెట్టి చాయ్ తాగ పోవద్దు. 90 దాటితే ఆపెయ్యాలె.

ఇంక ఒకటి ఎవ్వలు చెప్పరు, స్టూడియోలోళ్లకు అన్నిటికన్న ముఖ్యమైంది ఇదే. ఓవర్‌క్లాక్ సరిగ్గ లేకపోతే సిస్టమ్ ఆగిపోతదనే అందరనుకుంటరు, నీలం స్క్రీన్ వస్తే కనీసం తెలుస్తది. ఆగకుండ తప్పు లెక్క చేసే స్థితి ఒకటుంటది, దాంట్ల కంప్యూటర్ మంచిగనే నడుస్తది, లోపల ఎక్కడో ఒక బిట్టు మారుతది, కాపీ చేసిన ఫైల్ల ఖరాబు పడుతది, తెరిచేదాక తెల్వదు. గేమోడికి అయితే గేము మళ్ల దించుకుంటడు. లగ్గం మళ్ల చేస్తరా? పుస్తె కట్టిన క్లిప్పు ఖరాబయితే ఆ ఇంటోళ్లకు ఏం చెప్తరు? కార్డు ఫార్మాట్ చేసి ఇంకో లగ్గానికి తీస్కపోయి ఉంటరు అప్పటికే. అందుకే టెస్టు చేసేటప్పుడు పార్టీల ఫుటేజీ ఉన్న హార్డ్‌డిస్కుల కేబుల్ పీకి పక్కన పెట్టాలె, వేరే చిన్న ఎస్ఎస్‌డీ మీద విండోస్ ఏసి దాని మీద చెయ్యాలె. హెచ్‌డబ్ల్యూఇన్ఫోల కింద డబ్ల్యూహెచ్ఈఏ (WHEA) అనే హార్డ్‌వేర్ ఎర్రర్ల లైను ఒకటుంటది, దాంట్ల సున్న తప్ప ఏ అంకె వచ్చినా ఆ సెట్టింగు పనికిరాదు, సిస్టమ్ ఆగకపోయినా సరే పనికిరాదు. ర్యామ్ స్పీడ్ పెంచినోళ్లు ర్యామ్ తప్పులు పట్టే మెమ్‌టెస్ట్86 నాలుగు పాసులు పూర్తిగ నడపాలె, ఒక్క ఎర్రర్ కూడ రావద్దు.

కరెంటు సంగతి మన ఊర్లకు వేరే. 230 ఉండాల్సింది సాయంత్రం పూట 180కి దిగే ఊర్లున్నయి. వోల్టేజ్ దిగితే ఎస్ఎమ్‌పీఎస్ (క్యాబినెట్ల ఉండే పవర్ సప్లై డబ్బా) అదే పని కోసం ఎక్కువ ఆంపియర్లు గుంజుతది, లో వోల్టేజ్ల బోరు మోటరు కాగినట్టు అది కూడ కాగుతది. లోకల్ ఎస్ఎమ్‌పీఎస్ అయితే ఓవర్‌క్లాక్ చేసిన సిస్టమ్ ఫుల్ లోడ్ మీద ఉన్నప్పుడు రీస్టార్ట్ అయితది, మనోళ్లు అది ప్రాసెసర్ తప్పనుకోని ఇంకింత వోల్టేజ్ పెంచుతరు. 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సుమారు 360 వాట్లే, అందుల ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, మానిటర్ అన్నీ పోవాలె, ఓవర్‌క్లాక్ చేసినంక అది చాలదు, కరెంటు పోంగనే కుయ్యిమని ఆఫ్ అయితది. ఎర్తింగ్ సరిగ్గ లేని రూమ్ల ఈ పని పెట్టుకోవద్దు. బయోస్ అప్‌డేట్ చేసేటప్పుడైతే యూపీఎస్ లేకుండ అస్సలు చెయ్యొద్దు, నడుమ కరెంటు పోతే బోర్డు లేవకపోవచ్చు.

ఇన్ని తిప్పలు పడితే వచ్చేదెంత అని అడగాలె కదా. పాత రోజులు వేరు. 1998ల వచ్చిన సెలరాన్ 300ఏ అనే ప్రాసెసర్‌కు బస్ స్పీడ్ 66 నుంచి 100కు మారిస్తే 300 మెగాహెర్ట్జ్‌ది 450 మీద నడిచేది, సగానికి సగం లాభం. 2011ల వచ్చిన ఇంటెల్ ఐ5 2500కే కూడ 3.3ది 4.5 దాక పోయేది. ఇప్పటి ప్రాసెసర్లు ఫ్యాక్టరీ నుంచే తమ హద్దు దాక తామే ఎక్కుతయి, మనకు మిగిలేది ఐదు, ఏడు శాతం. గంట పట్టే రెండర్ 56 నిమిషాలయితది. ఆ నాలుగు నిమిషాల కోసం కూలర్, ఎస్ఎమ్‌పీఎస్, యూపీఎస్ మార్చుకునే బదులు ఎక్స్‌పోర్ట్ సెట్టింగ్‌లల హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ ఆన్ ఉందా లేదా చూసుకోండి, ఇంటెల్ల గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్లకు క్విక్‌సింక్ ఉంటది, ఎన్‌విడియా కార్డుకు దానిది దానికుంటది, హెచ్.264 ఫైలుకు ఏ ఓవర్‌క్లాక్ ఇయ్యనంత తేడా ఇస్తది. ర్యామ్ 3200ది కొని పెట్టినా ఎక్స్‌ఎమ్‌పీ ఆన్ చెయ్యకపోతే చాలా కిట్లు 2133, 2400 మీదనే నడుస్తుంటయి, అది కూడ చూసుకోండి, మెమ్‌టెస్ట్ మాత్రం మరువొద్దు.

మన ఎండకు సరిపోయే పద్ధతి వోల్టేజ్ తగ్గించుడు. రైజెన్ 5000 నుంచి బయోస్‌ల వోల్టేజ్ తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్ అనే సెట్టింగు ఉంది, మైనస్ 10 నుంచి మొదలుపెట్టి మెల్లగ టెస్టు చేసుకుంట పోతే అదే స్పీడ్ తక్కువ వోల్టేజ్ల వస్తది, వేడి తగ్గింది కాబట్టి ఒక్కోపారి స్పీడ్ కూడ పెరుగుతది. దీనికి కూడ టెస్టులు అన్నీ అవే, వోల్టేజ్ తగ్గిచ్చినం కదా ఏం కాదనుకోవద్దు, ఎర్రర్లు దీనితోటి కూడ వస్తయి, కానీ ప్రాసెసర్ అరగదు. 105 వాట్లు అని రాసే రైజెన్ నిజానికి 142 వాట్ల దాక తింటది, కరెంటు తగ్గించే ఎకో మోడ్ల 65 వాట్లది పెడితే 88 కాడ ఆగుతది, స్పీడ్ పోయేది కొంచెమే. మే, జూన్ రెండు నెలలు అట్ల నడుపుకోని వానలు పడ్డంక తీసేస్తే సరి. ఇంటెల్ల కూడ పవర్ లిమిట్ చూడాలె, కొన్ని బోర్డులు ఆ కాడ 4095 వాట్లు అని రాసి పెడతయి, అంటే లిమిటే లేదన్నట్టు.

ఇంటెల్ 13, 14 జనరేషన్ ఉన్నోళ్లకు ఒక మాట వేరేగ చెప్పాలె. ఓవర్‌క్లాక్ చెయ్యకపోయినా ఆ ప్రాసెసర్లల కొన్ని ఎక్కువ వోల్టేజ్ అడుక్కోని లోపల అరిగిపోయి సిస్టమ్లు ఆగిపోయినయి, ఇంటెల్ కంపెనీయే 2024ల ఒప్పుకున్నది, ఆగస్టుల 0ఎక్స్129, సెప్టెంబర్ల 0ఎక్స్12బీ అని మైక్రోకోడ్లు (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్ సవరణలు) ఇచ్చింది, కంపెనీ డబ్బాల వచ్చిన ప్రాసెసర్లకు వారంటీ రెండేండ్లు పెంచింది. ఆ అప్‌డేట్ బయోస్ తోటి రావాలె. మన షాపులల అమ్మిన బోర్డులల పాత బయోసే ఉన్నవి నాకు ఇంకా దొరుకుతున్నయి. అసొంటి ప్రాసెసర్‌కు మీ డబ్బా చదివి ఇంకింత వోల్టేజ్ ఇస్తే ఏమయితది చెప్పుండ్రి. సెకండ్ హ్యాండ్ల 13900కే, 14900కే కొనేటోళ్లు గంట సేపు లోడ్ పెట్టి చూడందే పైసలియ్యొద్దు.

ఓవర్‌క్లాక్ వల్ల ఖరాబయితే వారంటీ రాదు, ఏఎమ్‌డీది పీబీఓ (తనంత తనే స్పీడ్ పెంచే సెట్టింగు) ఆన్ చేసినా లెక్కల అదే. కొన్ని షాపులోళ్లు ముందే ఓవర్‌క్లాక్ చేసి ఫాస్ట్ సిస్టమ్ అని అమ్ముతున్నరు, కొనేటోళ్లకు ఈ సంగతి చెప్తలేరు. బిల్లు మీద ఏ స్పీడ్, ఏ వోల్టేజ్, చెడితే ఎవరి జిమ్మా అని రాయించుకోవాలె, వాళ్లు రాసియ్యం అంటే ఆ సెట్టింగులు తీసి ఇయ్యమనాలె.

ఇంగ్లీషుల ఈ ముచ్చట్లు ఎన్నో ఉన్నయి, తెలుగుల మీ పేపర్ల వచ్చిందే మన స్టూడియో పిల్లలకు ఆధారం, దాన్నే కత్తిరించి గోడకు అంటిస్తరు. అందుకే అడుగుతున్న, ఇసొంటి చిట్కా ఏసినప్పుడల్లా ప్రాసెసర్ పేరు, బోర్డు పేరు, దాటకూడని వోల్టేజ్, టెస్టు చేసినప్పటి రూమ్ టెంపరేచర్ నాలుగూ దాంట్లనే రాయుండ్రి, మొన్నటి డబ్బాకు సవరణ కూడ లగ్గాల సీజన్ మొదలయ్యేలోపే మా జిల్లా పేజీల వెయ్యుండ్రి.

ఇట్లు,
కంప్యూటర్ సర్వీసింగ్ చేసే మీ పాఠకుడు,
నల్లగొండ